పొగాకు ఆదాయ వ్యయములు

ఉగాదినాడు పంచాంగ శ్రవణము జరుగునప్పుడు అందరును చెవులు రిక్కించి వినునది ఆదాయ వ్యయముల భాగము. ఏ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని సిద్ధాంతిగారు చదువుచుండగా, ఎవరి రాశి వచ్చినప్పుడు వారు కొంచెము ముందుకు జరిగి కూర్చుందురు. ఒక రాశికి ఆదాయము పదునాలుగు, వ్యయము రెండు. మరియొక రాశికి ఆదాయము రెండు, వ్యయము పదునాలుగు. ఇట్లేల అని ఎవరును అడుగరు. అది గ్రహములు వ్రాసిన లెక్క గదా!

మనుష్యులు వ్రాసిన లెక్కను మాత్రము అడుగవచ్చును. ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర విషయమై ఏదైన వ్రాయుడని సంఘ కార్యదర్శిగారు కోరినప్పుడు, మేము ఎన్నుకొన్నది అటువంటి లెక్కయే. పొగాకు వలన ఆదాయము ఎవరికి వచ్చినది? వ్యయము ఎవరి ఖాతాలో పడినది? ఆ రెండు పద్దులు ఒకే పుటలో కనబడకుండ ఇన్ని సంవత్సరములు ఎవరు ఆపిరి? మేము పండితులము కాము. మెట్రిక్కుతో చదువు ముగించి రైల్వేలో గుమాస్తా పని చేయుచున్నవారము. కాని పద్దులు సరిచూచుట మాకు దినదినము చేయు పని.

ఈ విషయము షోలాపూరు తెలుగువారికి పరాయిది కాదు. మన తాతముత్తాతలు కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ సీమల నుండి బ్రతుకుతెరువు కొరకు వచ్చి ఈ ఊరి తూర్పు భాగమున స్థిరపడిరి. మగవారు మిల్లునకో మగ్గమునకో పోగా, ఆడవారు ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుట్టిరి. నేటికిని మన పేటలలో వేలాది ఇండ్ల పొయ్యి ఆ చాట మీదనే వెలుగుచున్నది. గుంటూరు రైతు పొగాకు పండించును. తెలంగాణపు అడవిలో కూలివాడు తునికాకు కోయును. షోలాపూరు తెలుగు ఆడపడుచు బీడీ చుట్టును. విత్తనము నుండి నిప్పుపుల్ల వరకు మన చేయి తగిలిన వస్తువు ఇది. దీని చరిత్ర మనము తెలిసికొనకున్న మరెవరు తెలిసికొందురు?

పొగాకు మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండములో పుట్టి, పోర్చుగీసువారి ఓడలలో మన రేవులకు చేరినది. విచిత్రమేమనగా, మొగలాయి దర్బారునకు ఇది పోయినది మనకు పొరుగుననున్న బిజాపురము నుండియే. హోటగి మీదుగా మన బండ్లు పోవు ఊరే అది. 1604 ప్రాంతమున అక్బరు చక్రవర్తి పనిమీద బిజాపురమునకు వచ్చిన అసద్ బేగ్ అను ఉద్యోగి అక్కడ పొగాకును చూచి ముచ్చటపడి, అందమైన గొట్టముతో సహా ఆగ్రాకు తీసికొనిపోయెను. చక్రవర్తి రెండు మూడు దమ్ములు లాగెను. వెంటనే ఆస్థాన వైద్యుడు అడ్డుపడెను. మన గ్రంథములలో లేని వస్తువును గుణదోషములు తెలియకుండ పుచ్చుకొనరాదనెను. అసద్ బేగ్ ఊరకుండక, ఐరోపావారిలో తెలివిగలవారు లేరా, వారు వాడుచుండలేదా అని వాదమునకు దిగెను. అక్బరు మరల దానిని ముట్టలేదు గాని దర్బారులోని ప్రభువులు మరిగిరి, వర్తకులు అమ్మసాగిరి. ఈ సంగతులు అసద్ బేగ్ స్వయముగా వ్రాసి ఉంచినవే. 1617లో జహంగీరు పొగాకును నిషేధించెను. ఆ నిషేధము నిలువలేదు.

కనుక వైద్యుడు వలదనుట, తెచ్చినవాడు ఫరవాలేదనుట మన దేశములో పొగాకుతోబాటు మొదటి దినముననే ప్రవేశించినవి. అయితే ఆనాడు వాదించినది ఒక్క మనిషి. అతని వెనుక కంపెనీ లేదు.

తరువాత సుమారు మూడువందల ఏండ్లు మనవారు పొగాకును చుట్టగా కాల్చిరి, నస్యముగా పీల్చిరి, తాంబూలములో నమిలిరి. అవి హాని చేయనివని మేము చెప్పము. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీర గ్రామములలో ఆడవారు చుట్టను నిప్పు కొన నోటి లోపలకు పెట్టి త్రాగు అలవాటు కలదు. దానిని అడ్డపొగ అందురు. దాని వలన అంగిటికి క్యాన్సరు వచ్చునని వైద్యులు పరీక్షించి చూపినారు. అయినను అది ఊరి అలవాటు. ఒకరిని చూచి ఒకరు నేర్చినది. ఇంతమంది చాలరు, ఇంకను త్రాగించవలెనని పట్టుబట్టి కూర్చున్నవాడు దాని వెనుక లేడు. అట్టివాడు యంత్రముతో వచ్చినాడు.

1881లో అమెరికా దేశమున జేమ్స్ బోన్సాక్ అను యువకుడు సిగరెట్లు చుట్టు యంత్రమునకు పేటెంటు పొందెను. ఆ యంత్రము పది గంటల దినములో లక్షా ఇరువదివేల సిగరెట్లు చుట్టగలదు. ఆ సంఖ్య ఎంతటిదో మన షోలాపూరువారికి విడమరచి చెప్పనక్కరలేదు. మన ఊరిలో కూలి లెక్క వేయి బీడీలకు. వేయి బీడీలు చుట్టుట అనగా తెల్లవారినది మొదలు దీపాలవేళ వరకు ఒక ఆడమనిషి నడుము వంచి చేయు పని. ఆ లెక్కన ఒక్క యంత్రము నూట ఇరువదిమంది చేతుల పని చేసినది. జేమ్స్ డ్యూక్ అను వ్యాపారి 1884లో ఆ యంత్రములను తన కార్ఖానాలో పెట్టెను. చేసినంత సులభముగా అమ్ముడుపోవలదా? అంతకుముందు త్రాగువారున్నంత మేరకు చుట్టుచుండిరి. ఇక చుట్టినంత మేరకు త్రాగువారిని పుట్టించవలసి వచ్చినది. సిగరెట్టు చరిత్ర అంతయు ఈ ఒక్క మాటలో ఉన్నదని మా అభిప్రాయము.

డ్యూక్ పెట్టెలలో రంగుల బొమ్మలు పెట్టించెను. బొమ్మల కొరకు పిల్లలు తండ్రుల చేత ఆ పెట్టెలే కొనిపించిరి. లాభములో పెద్ద భాగము ప్రకటనలకు ఖర్చు చేసెను. 1890లో పోటీదారులను కలుపుకొని అమెరికన్ టొబాకో కంపెనీ స్థాపించెను. 1902లో ఇంగ్లండు కంపెనీవారితో రాజీపడి, ఇతర దేశముల వ్యాపారము కొరకు బ్రిటిష్ అమెరికన్ టొబాకో కంపెనీని ఏర్పరచిరి. ఆ వంశములోనిదే 1910 ఆగస్టు 24న కలకత్తాలో పుట్టిన ఇంపీరియల్ టొబాకో కంపెనీ. అదియే తరువాత పేరు మార్చుకొని ఐ.టి.సి. అయినది. ఆకు సేకరణ కొరకు 1912లో వేరుగా ఒక కంపెనీ ఏర్పడి గుంటూరు సీమలో పాదము మోపెను. 1920 తరువాత అక్కడి నల్లరేగడిలో వర్జీనియా పొగాకు సాగు వ్యాపించెను. బ్యారన్లు లేచినవి. రాజమహేంద్రవరములో 1947లో పొగాకు పరిశోధనాలయము, గుంటూరులో 1976లో పొగాకు బోర్డు వెలసినవి. ఎందరో రైతులు ఆ పంట మీద పిల్లలను చదివించుకొనిరి, పెండ్లిండ్లు చేసిరి. ధర పడిపోయిన ఏట ఎందరో అప్పులపాలైరి. ఆదాయపు పద్దులో రైతు పేరు ఉన్నమాట నిజమే, కాని అది చివరి వరుసలో చిన్న అక్షరములతో ఉన్నది.

ఈ బ్యారను విషయము ఇంకొంచెము చెప్పవలెను. నాటు పొగాకు చుట్ట పొగ ఘాటైనది. ఛాతీలోనికి లాగినచో దగ్గు తెర వచ్చును. అందుచేత త్రాగువారు నోటిలోనే ఆపి వదలుదురు. బ్యారనులో ఇనుప గొట్టముల వేడిమితో మగ్గిన వర్జీనియా ఆకు పొగ మెత్తనిది. గొంతు పట్టదు. హాయిగా ఊపిరితిత్తుల అడుగు వరకు పోవును. హాయిగా పోవుటయే దాని గుణము, అదియే దాని దోషము. చుట్ట నోటిని కాల్చినది. సిగరెట్టు రొమ్మును పట్టినది. పూర్వము వైద్యులు బహు అరుదుగా చూచిన ఊపిరితిత్తుల క్యాన్సరు ఇరువదవ శతాబ్దములో వేలకు వేలుగా కనబడుటకు మూలమిదియే.

యుద్ధములు వచ్చినప్పుడు సైనికుల రేషనులో సిగరెట్లు చేరినవి. యుద్ధమునకు పోయిన కుర్రవాడు తుపాకి దించి వచ్చినను సిగరెట్టు దించలేదు. ఆడవారు వీధిలో త్రాగుట అమెరికాలో తప్పుగా ఎంచుచుండిరి. ఆ సగము జనము వృథాగా పోవుచున్నదని కంపెనీవారికి దిగులు. 1929 ఈస్టరు పండుగనాడు న్యూయార్కులో ఎడ్వర్డ్ బెర్నేస్ అను ప్రచార నిపుణుడు కొందరు యువతుల చేత ఊరేగింపులో సిగరెట్లు ముట్టింపజేసి, అవి స్త్రీ స్వాతంత్ర్యపు దివిటీలని పత్రికలలో వచ్చునట్లు చేసెను. అతనికి డబ్బిచ్చినది అమెరికన్ టొబాకో కంపెనీ. ఆ సంగతి ఆనాడు చూచినవారికి తెలియదు. స్వాతంత్ర్యము వంటి పెద్ద మాటను గూడ అగ్గిపెట్టెవలె వాడుకొనవచ్చునని కంపెనీలు నేర్చిన దినమది.

ఇక వైద్యుల వంతు. 1950లో రెండు దేశములలో రెండు పరిశోధనలు వెలువడినవి. అమెరికాలో విండర్, గ్రాహమ్ అనువారు చేసినది ఒకటి. లండనులో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనువారు చేసినది మరియొకటి. లండను ఆసుపత్రులలో ఊపిరితిత్తుల క్యాన్సరు గల మగవారిని 649మందిని విచారించగా, పొగ అలవాటు లేనివారు ఇద్దరే ఇద్దరు కనబడిరి. ఇతర వ్యాధులతో ఉన్న అంతేమంది మగవారిలో అట్టివారు 27మంది. తరువాత 1951లో డాల్, హిల్ వేలాది బ్రిటిషు డాక్టర్లనే తీసికొని, వారి అలవాట్లు వ్రాసికొని, సంవత్సరముల తరబడి ఎవరు ఎప్పుడు దేనితో పోయిరో చూచుచు వచ్చిరి. ఆ పరిశీలన యాబది సంవత్సరములు సాగి 2004లో తేలిన లెక్క యిది: విడువక త్రాగినవారు త్రాగనివారికంటె సగటున పది సంవత్సరములు ముందు చనిపోయిరి.

పది సంవత్సరములనగా ఎంత? కూతురి పెండ్లి, మనుమని అక్షరాభ్యాసము, పింఛను తీసికొని అరుగు మీద కూర్చుండు కాలము.

1953 నాటికి ఎలుకల చర్మముపై పొగాకు తారు పూయగా కంతులు లేచినవని గూడ తేలెను. ఆ డిసెంబరు నెలలో అమెరికాలోని పెద్ద సిగరెట్టు కంపెనీల అధిపతులు న్యూయార్కు ప్లాజా హోటలులో సమావేశమై, హిల్ అండ్ నోల్టన్ అను ప్రచార సంస్థను పిలిపించుకొనిరి. వారి ముందు రెండు దారులున్నవి. సరుకులో విషమున్నదని ఒప్పుకొని మార్గము వెదకుట ఒకటి. విషమున్నదో లేదో ఇంకను తేలలేదని చెప్పుచుండుట రెండవది. వారు రెండవ దారి పట్టిరి. 1954 జనవరి 4న 400కు పైగా పత్రికలలో పుటనిండ ప్రకటన వేయించిరి. ప్రజల ఆరోగ్యమే తమకు ముఖ్యమనియు, తమ సరుకు హానికరమని తాము నమ్ముట లేదనియు, అయినను పరిశోధనకు తామే సంఘమును ఏర్పరచి ధనమిచ్చెదమనియు అందులో చెప్పిరి. చదివినవారికి ఎంతో పెద్దమనుష్యుల మాటవలె తోచినది.

ఆ దినము నుండి కంపెనీలు రెండు సరుకులు అమ్మినవి: సిగరెట్టు ఒకటి, సందేహము ఒకటి. ఇది మేము కల్పించిన చమత్కారము కాదు. 1969లో బ్రౌన్ అండ్ విలియమ్‌సన్ కంపెనీ వారి లోపలి పత్రమొకటి, తమ సరుకు సందేహమేనని, జనుల మనస్సులో నిజములతో పోటీపడుటకు అంతకంటె మంచి సాధనము లేదని తేటగా వ్రాసినది. అదే కంపెనీ న్యాయవాది 1963లోనే, నికోటిను వ్యసనము కలిగించునదనియు, తమ వ్యాపారము నికోటిను అమ్ముటయేననియు వ్రాసి ఉంచెను. ఆ సంగతి లోపల తెలిసి యుండగా, 1994లో ఏడు కంపెనీల అధిపతులు అమెరికా పార్లమెంటు ఉపసంఘము ముందు చేయెత్తి ప్రమాణము చేసి, నికోటిను వ్యసనము కలిగించునని తాము నమ్ముట లేదని చెప్పిరి.

భయపడినవారికి ధైర్యము చెప్పుటకు ఫిల్టరు వచ్చినది. ఫిల్టరున్నది గనుక విషము ఆగునని జనులు నమ్మిరి. 1952లో కెంట్ అను సిగరెట్టుకు గొప్పగా పెట్టిన ఫిల్టరులో 1956 వరకు ఉన్నది ఆస్బెస్టాస్. అది మరియొక విషము. తరువాత ‘లైట్’ అను పేరుతో సిగరెట్లు వచ్చినవి. ఫిల్టరు చుట్టు సన్నని రంధ్రములుండుటచే యంత్రముపై పరీక్షించినప్పుడు తారు తక్కువ చూపును. మనిషి మాత్రము పెదవులతోను వ్రేళ్లతోను ఆ రంధ్రములను మూసి, తన శరీరము కోరినంత నికోటిను అందువరకు గట్టిగా లాగును. మానవలెనని తలచినవాడు మానక లైటునకు మారెను. కంపెనీకి గిరాకీ నిలిచినది.

సత్యము బయటకు రాక మానలేదు. 1962లో లండను వైద్యుల రాయల్ కాలేజీ, 1964 జనవరిలో అమెరికా ప్రభుత్వ సర్జన్ జనరల్ తమ నివేదికలు ప్రకటించిరి. 1998లో అమెరికాలోని 46 రాష్ట్రములు, పొగాకు రోగుల చికిత్సకు తాము చేసిన ఖర్చు ఇప్పించుమని వేసిన దావాలు రాజీకి వచ్చినవి. 25 సంవత్సరములలో సుమారు 20,600 కోట్ల డాలర్లు చెల్లించుటకును, లోపలి పత్రములు బయటపెట్టుటకును కంపెనీలు ఒప్పుకొన్నవి. మనము పైన చెప్పిన పత్రముల వంటివి నేడు కోటికి పైగా ఎవరైనను చదువుకొనుటకు కలవు. 2006లో గ్లాడిస్ కెస్లర్ అను న్యాయాధీశురాలు 1,600 పుటలకు పైబడిన తీర్పులో, కంపెనీలు కలిసికట్టుగా యాబది ఏండ్లు ప్రజలను మోసగించినవని నిర్ణయించెను. వ్యయము అసలు ఎవరి ఖాతాలో వ్రాయవలసినదో ఒక న్యాయస్థానము తేల్చి చెప్పినది.

మా రైల్వేలో ఒక బండి ఆలస్యమైనచో, ఏ స్టేషనులో ఎన్ని నిముషములు ఆగినది, ఏ శాఖ వలన ఆగినది అని వ్రాసి ఉంచుదురు. బాధ్యుడు లేని ఆలస్యము మా లెక్కలో ఉండదు. ఈ లెక్కను మన దేశమునకు వేసి చూతము. 1950లో తెలిసిన సంగతి సిగరెట్టు పెట్టెపై హెచ్చరికగా మన చట్టములోనికి వచ్చినది 1975లో. అదియు చిన్న అక్షరములతో, సిగరెట్లకు మాత్రమే. బీడీకి, నమలు పొగాకుకు ఆ చట్టము వర్తించలేదు. బీడీలు త్రాగు బీదవానికి హెచ్చరిక గూడ దక్కలేదన్నమాట. అన్ని పొగాకు వస్తువులకు వర్తించు చట్టము 2003లో వచ్చెను. బహిరంగ స్థలములలో పొగ త్రాగుటపై నిషేధము 2008 అక్టోబరు 2న గట్టిగా అమలులోనికి వచ్చెను. బొమ్మల హెచ్చరిక 2009లో మొదలయ్యెను. అది పెట్టెలో 85 వంతులు ఆక్రమించునట్లు అయినది 2016 ఏప్రిలులో. 1950 నుండి 2016 వరకు 66 సంవత్సరములు! ఇంత ఆలస్యమైన బండిని మేము ఏ రిజిస్టరులోను చూచి యుండలేదు.

ఈ నడుమ కంపెనీలు ఊరకుండలేదు. 1996 ప్రపంచ క్రికెట్ పోటీకి విల్స్ సిగరెట్టు పేరే పెట్టిరి. ఆటగాండ్ర చొక్కాల మీద ఆ పేరే ఉండెను. క్రికెట్టు చూడని పిల్లవాడు మన దేశములో ఎవడు? ఆ కంపెనీ 2001లో ఆటల ప్రోత్సాహము మానుకొనెను. గుట్కా వర్తకులు 1980 తరువాత చిన్న పొట్లము కనిపెట్టిరి. తాంబూలములో పెద్దవారు వాడు వస్తువు బడిపిల్లవాని జేబు డబ్బుకు దొరకునదైనది. మహారాష్ట్రములో 2002లో దానిని నిషేధించిరి, 2004లో సుప్రీంకోర్టు అట్టి నిషేధములను కొట్టివేసెను, 2012లో మరల నిషేధించిరి. వెంటనే పాన్ మసాలా ఒక పొట్లము, పొగాకు ఒక పొట్లము వేరువేరుగా వచ్చినవి. కొన్నవాడు అరచేతిలో కలుపుకొనును. ప్రకటన కూడదనగా అదే పేరుతో ఏలకులు ప్రకటించిరి. నీటికి ఒక గండి పూడ్చిన మరియొక గండి వెదకికొనును గదా.

2015లో జరిగినది మరింత ఆలోచింపదగినది. 85 వంతుల హెచ్చరిక ఆ ఏప్రిలులోనే రావలసి యుండగా, పార్లమెంటు కమిటీ ఒకటి ఆపుమని కోరినది. పొగాకునకు క్యాన్సరునకు సంబంధమున్నదని మన దేశములో జరిగిన పరిశోధన లేదని దాని అధ్యక్షులు చెప్పిరి. ఆ కమిటీలో బీడీ వ్యాపారి గూడ ఒక సభ్యులు. 1954 జనవరిలో న్యూయార్కులో అమ్మకానికి పెట్టిన సరుకు అరువదియొక్క సంవత్సరముల తరువాత ఢిల్లీలో దిగుమతియైనది. కాని పరిశోధన లేదను మాట సరికాదు. 1955లోనే బొంబాయి టాటా స్మారక క్యాన్సరు ఆసుపత్రి రోగులను పరిశీలించి సంఘ్వీ, రావు, ఖనోల్కర్ అనువారు పొగాకు త్రాగుటకు, నములుటకు నోటి, గొంతు క్యాన్సర్లతో గల సంబంధమును బ్రిటిషు వైద్య పత్రికలో ప్రకటించిరి. 2008లో మన దేశములోని 11 లక్షల ఇండ్లలో విచారించి తేల్చిన లెక్క వెలువడినది. సిగరెట్టు త్రాగు మగవారికి సుమారు పది ఏండ్లు, బీడీ త్రాగు మగవారికి ఆరు ఏండ్లు, బీడీ త్రాగు ఆడవారికి ఎనిమిది ఏండ్లు ఆయుష్షు తరుగుచున్నదని అందులో తేలెను. బీడీ ఆకుచుట్ట గనుక సిగరెట్టు కంటె మంచిదను నమ్మకము మనలో కలదు. తునికాకు గుండ గాలి సరిగా ఆడదు. బీడీ ఆరిపోకుండ మాటిమాటికి గట్టిగా లాగవలెను. అందుచేత నికోటిను, తారు సిగరెట్టుకు తీసిపోకుండ లోపలకు చేరును.

ఇక్కడ మన ఇంటి ప్రశ్న వచ్చుచున్నది. పొగాకుపై చట్టము చేయబోయినప్పుడెల్ల, లక్షలాది బీడీ కార్మికురాండ్ర గతి యేమి, రైతుల గతి యేమి అని పెద్ద వ్యాపారులు కన్నీరు పెట్టుకొందురు. ప్రశ్న న్యాయమైనదే. కాని అడుగుచున్నది ఎవరు? వేయి బీడీలకు కూలి పెంచుమని మన ఆడవారు జెండా పట్టి వీధికెక్కినప్పుడు ఆ కన్నీరు కనబడదు. నాణ్యము లేదని బీడీలు తీసివేసి కూలి కోసినప్పుడు కనబడదు. పొగాకు పొడి పీల్చి దగ్గుచు, వంగి వంగి నడుము పట్టి, వ్రేళ్లు మొద్దుబారిన ముసలమ్మను చూచినప్పుడు కనబడదు. చట్టము వచ్చునప్పుడు మాత్రము ఆ ముసలమ్మను తెచ్చి ముందు నిలబెట్టి, ఆమె చాటున తాము నిలుచుందురు. ఆమె డాలు, ఆదాయము వారిది.

కనుక బీడీ చుట్టు చేతులను మనము నిందింపరాదు. ఆ చేతులే ఈ ఊరిలో తెలుగు బడులకు పిల్లలను పంపినవి. మిల్లులు మూతపడి మగవారు ఇంటికి వచ్చి కూర్చున్నప్పుడు ఇల్లు నడిపినవి ఆ చేతులే. 1966లో బీడీ కార్మికుల కొరకు చట్టము, 1976లో సంక్షేమ నిధి వచ్చినను, అవి అడుగకుండ వచ్చినవి కావు. కుంభారి వద్ద 2006లో బీడీ కార్మిక స్త్రీలకు పదివేల ఇండ్లు దక్కినవనగా, అది వారు సంవత్సరముల తరబడి సంఘము కట్టి పోరాడుటచేత. వారికి రావలసినది ఇంకను ఉన్నది: ఈ పనికి బదులు మరియొక గౌరవమైన పని. ఒడిలోని చాటను లాగివేసి ఆరోగ్యము నేర్పుట ధర్మము కాదు. చాటకు బదులు కుట్టుమిషనో, మగ్గమో, కూతురికి కాలేజీ చదువో చేతికిచ్చి నేర్పవలెను.

వ్యయపు పద్దు ఎక్కడ కనబడునో మేము చెప్పగలము. మన స్టేషను నుండి రాత్రి ముంబయికి పోవు సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్సులో, పరేలులోని టాటా ఆసుపత్రికి పోవువారు తరచు ఉందురు. క్యాన్సరు రోగులకు రైల్వే ఛార్జీలో రాయితీ ఇచ్చును. ఆ రాయితీ కాగితముతో కౌంటరు వద్ద నిలుచున్నవారిలో మన పేటల వారి పేర్లు కనబడుచుండును. టిక్కెట్టు ధరలో కొంత ప్రభుత్వము భరించును. మిగిలినది, అనగా లాడ్జి అద్దె, మందులు, పోయిన కూలి దినములు, తాకట్టు పెట్టిన పుస్తె, ఇల్లు భరించును. పొగాకు అమ్మినవాని ఖాతాలో ఆ పూట ఒక్క పైసా పడదు. మేము మొదట అడిగిన ప్రశ్నకు సమాధానము ఇదియే. ఆదాయము ఒక రాశికి, వ్యయము మరియొక రాశికి. గ్రహములు చేసినది గాదు, మనుష్యులు కూర్చుండి చేసిన పంపకము.

మనుష్యులు చేసినదానిని మనుష్యులు మార్చవచ్చును, మారుచున్నది గూడ. ప్రభుత్వ సర్వే ప్రకారము మన దేశపు వయోజనులలో పొగాకు వాడువారు 2009-10లో నూటికి 34.6 మంది, 2016-17లో 28.6 మంది. హెచ్చరిక, నిషేధము, పన్ను, ప్రచారము పనిచేయునని దీని అర్థము. బ్రిటిషు డాక్టర్ల లెక్కలో ఇంకొక శుభవార్త కలదు. ముప్పదియవ ఏట మానినవారు పోగొట్టుకొనవలసిన పది ఏండ్లును దక్కించుకొనిరి. నలుబదిలో మానినవారు తొమ్మిది, యాబదిలో మానినవారు ఆరు, అరువదిలో మానినవారు సైతము మూడు ఏండ్లు దక్కించుకొనిరి. ఆలస్యమైనను బండి ఎక్కవచ్చును. మానదలచినవారికి సలహా చెప్పుటకు 1800-11-2356 అను నంబరుపై ప్రభుత్వము ఉచితముగా టెలిఫోను సహాయము ఏర్పరచినది.

చివరకు మన సంఘమునకు ఒక మనవి. ఇట్టి సంచికలు ప్రకటనల డబ్బుతో వెలువడునని మన కందరికి తెలియును. పొగాకు, గుట్కా వ్యాపారుల ఏలకుల ప్రకటన వచ్చినచో అది తక్కిన ప్రకటనలకంటె ఎక్కువ డబ్బు తెచ్చును గూడ. అట్టి డబ్బు పుచ్చుకొనరాదని మన సంఘము సర్వసభ్య సమావేశములో ఒక తీర్మానము చేయవలెనని మేము కోరుచున్నాము. నాలుగు పుటలు తగ్గినచో తగ్గనీయుడు. ఆ మేరకు సభ్యులము తలా పది రూపాయలు ఎక్కువ వేసికొందము. ఇంకొకటి: సంఘ భవనములో పెండ్లిండ్లకు, పండుగలకు పళ్లెములో సిగరెట్లు, గుట్కా పొట్లములు పెట్టు ఆచారము ఇకపై వలదు. తాంబూలము చాలును, అందులోనికి పొగాకు ముక్క అక్కరలేదు.

ఆదాయము అందరికి పదునాలుగు కాకపోయినను, రాబోవు సంవత్సరమున మన ఇండ్లలో వ్యయము ఆసుపత్రికి గాక పిల్లల చదువునకు జరుగుగాక అని కోరుచు, షోలాపూరు తెలుగు కుటుంబములకెల్ల ఉగాది శుభాకాంక్షలు తెలుపుచు, ఇంతటితో విరమించుచున్నాము.